పేషీలో పడ్డ ఎర్ర సిరా
(మాజీ సైనికులు, వారి కుటుంబాల సమావేశంలో ఒక రిటైర్డ్ సుబేదార్ క్లర్క్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న సాబ్‌లకు జైహింద్. వెనక గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్లూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇదేం దర్బార్ కాదు.

నేను ఇన్‌ఫాంట్రీలో ఉన్నానని చెప్పుకుంటాను గానీ నిజానికి నేను రైఫిల్ పట్టింది తక్కువ, టైప్‌రైటర్ కొట్టింది ఎక్కువ. క్లర్క్‌గా చేరి, క్లర్క్‌గానే సుబేదార్ అయి పెన్షన్ వచ్చాను. మీలో చాలామంది కాండక్ట్ షీట్‌లో, అంటే శిక్షలు ఎక్కించే కాగితంలో, ఎర్ర సిరా పడితే, నాలాంటివాళ్ల చేతి మీదుగానే పడింది. కాబట్టి ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం మీద మాట్లాడటానికి నాకు హక్కుందో లేదో తెలీదు గానీ, పూచీ మాత్రం ఉంది. విషయం ఏమిటంటే, ఎప్పుడో పడిన రిప్రిమాండ్‌ని సర్వీస్ రికార్డులోంచి తీయించుకోగలమా, ఎలా?

రిప్రిమాండ్ అంటే తెలుగులో మందలింపు. ఆ మాట వింటే ఏమనిపిస్తుంది? అమ్మ మందలిస్తుంది, సాయంత్రానికి మర్చిపోయి అన్నం పెడుతుంది. ఆర్మీ మందలింపు అలాంటిది కాదు. ఆర్మీ యాక్ట్ 1950లో సెక్షన్ 80 అని ఉంది. యూనిట్ పెద్ద అయిన కమాండింగ్ ఆఫీసర్, అంటే సీఓ, కోర్ట్ మార్షల్ లేకుండా తన స్థాయిలో వేయగల శిక్షలన్నీ అందులో ఉన్నాయి. 28 రోజుల వరకు మిలిటరీ కస్టడీలో జైలు, డిటెన్షన్, లైన్లకే కట్టడి, అదనపు గార్డు డ్యూటీలు, ఏ నెలలోనైనా 14 రోజుల జీతం వరకు జరిమానా. వాటి మధ్యలో సివియర్ రిప్రిమాండ్, రిప్రిమాండ్ అని రెండు మాటలున్నాయి. జరిమానా నొప్పి ఆ నెలతో పోతుంది. గార్డు డ్యూటీ నొప్పి ఆ రాత్రితో పోతుంది. సివియర్ రిప్రిమాండ్‌కి డబ్బు పోదు, ఒళ్లు నొయ్యదు. బయటికొచ్చి హమ్మయ్య అనుకుంటాం. సైనికుడి వివరాల్లో మార్పులు ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ వెలువడి, రికార్డ్ ఆఫీసుకి చేరి, షీట్ రోల్ అనే సర్వీస్ పత్రంలో కూర్చున్నాక అది ఎనిమిదేళ్లకో పదేళ్లకో లేచి పలకరిస్తుంది. ప్రమోషన్ బోర్డు రోజున.

ఇక్కడే ఒక మాట. సెక్షన్ 80 చదివినవాళ్లు ఆ పక్కనే ఉన్న 82 చదవరు. ఎన్‌సీఓ, అంటే నాయక్, హవల్దార్ లాంటివాళ్ల కంటే తక్కువ ర్యాంకులో ఉన్నవాడికి సివియర్ రిప్రిమాండ్ గానీ రిప్రిమాండ్ గానీ వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. అలాగే ఎన్‌సీఓకి 80 కింద జైలూ డిటెన్షనూ లైన్ల కట్టడీ వేయకూడదు. అంటే సిపాయిగా ఉన్న రోజుల్లో మీకు రిప్రిమాండ్ పడి ఉంటే, మీరు తప్పు చేశారా లేదా అన్నదాకా వెళ్లక్కర్లేదు, ఆ శిక్షే చట్టంలో లేదు. ఇలాంటివి ఉంటాయా అని నవ్వకండి. తేదీలు సరిచూసుకోండి. ప్రమోషన్ ఆర్డర్ ఏ రోజున వచ్చింది, శిక్ష ఏ రోజున పడింది?

పేషీ ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పాలా. కానీ ఇంటివాళ్లు కూడా వచ్చారు కదా, వాళ్లకోసం చెబుతాను. అమ్మా, పేషీ అంటే కోర్టు కాదు, నేరం మోపినవాణ్ణి సీఓ సాబ్ ఎదుట నిలబెట్టటం. ఆఫీసు బయట సుబేదార్ మేజర్ సాబ్ నిలబడతారు. మీ ఆయన టోపీ, బెల్టు తీసేసి నిలబడతాడు. తేజ్ చల్ అని లోపలికి నడిపిస్తారు. నేరం చదువుతారు. సాక్షి ఒక మాట చెబుతాడు. ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడుగుతారు. నూటికి తొంభై మంది ‘నహీ సాబ్’ అంటారు. శిక్ష చెబుతారు. పీఛే ముడ్. ఇరవై నిమిషాలు పట్టిందంటే ఆ రోజు పెద్ద కేసు అనుకోవాలి.

ఆ ‘నహీ సాబ్’ గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఏమనుకోకండి.

1996 నవంబరు. 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను ఎలా ఊడ్చేసిందో ఈ హాల్లో చూసినవాళ్లే ఉంటారు. మా యూనిట్‌లో అమలాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన నాయక్ ఒకడుండేవాడు. దీపావళికి సెలవు పెట్టి వెళ్లాడు. 12వ తేదీకి యూనిట్‌లో ఉండాలి. 23న వచ్చాడు. పదకొండు రోజులు ఓవర్‌స్టే. ఇంటి కప్పు ఎగిరిపోయింది. నాన్నగారి మీద దూలం పడి నడుము విరిగింది. దారుల మీద కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు. ఫోన్ లేదు, టెలిగ్రామ్ లేదు. వాడు తెలివైనవాడు, వచ్చేటప్పుడు ఎమ్మార్వో ఆఫీసుకెళ్లి ఒక సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు. ఫలానా ఇంటి నంబరు పూర్తిగా దెబ్బతిన్నది, ఇతని తండ్రి గాయపడినాడు, ఫలానా తేదీ వరకు రాకపోకలు లేవు అని. గుండ్రటి సీలు, కింద సంతకం.

ఆ సర్టిఫికెట్ తెలుగులో ఉంది.

మా కంపెనీ కమాండర్‌ది పంజాబ్. సీఓ సాబ్‌ది ఉత్తరాది. ఇద్దరూ మంచివాళ్లే, ఆ మాట నిజం. కానీ ఆ కాగితం వాళ్లకు ఒక సీలున్న కాగితం, అంతే. ఆఫీసులో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్నెవరూ అడగలేదు. నేనూ లేచి, సాబ్, నేను చదివి చెబుతాను అనలేదు. అప్పుడు నేను హవల్దార్ని, నా ప్రమోషన్ ఫైలు అదే బల్ల మీద ఉంది. అదీ సంగతి.

ఇంకొకటి చెబుతాను. పేషీలో జరిగింది రాసే కాగితం మా దగ్గర సైక్లోస్టైల్ చేసి కట్టలుగా ఉండేది. పేరు, నంబరు, తేదీ, సెక్షన్ మాత్రమే ఖాళీ. సాక్షిని ప్రశ్నించటానికి నిందితుడు నిరాకరించినాడు అన్న వాక్యం ముందే అచ్చయి ఉండేది. డిఫెన్స్ సాక్షులు అన్నచోట ‘నిల్’ అని ముందే ఉండేది. అంటే వాడు లోపలికి అడుగు పెట్టకముందే వాడు ఏం చెప్పడో మా కాగితానికి తెలుసు. వాడు కింద సంతకం పెట్టాడు. సివియర్ రిప్రిమాండ్. ఎర్ర సిరా బాటిల్ నా బల్ల మీదే ఉండేది. నేనే రాశాను.

ఇప్పుడు చట్టం చూడండి. సెలవు దాటి ఉండిపోతే సెక్షన్ 39. అందులో ఓవర్‌స్టే నేరమని ఊరికే అనలేదు, ‘తగిన కారణం లేకుండా’ ఓవర్‌స్టే చేయటం నేరమని రాసింది. తగిన కారణం లేకపోవటం ఆ నేరంలో భాగం. కాబట్టి ఎమ్మార్వో సర్టిఫికెట్ జాలి కోసం చూపించే కాగితం కాదు. నేరమే జరగలేదని చూపించే కాగితం. ఆర్మీ రూల్ 22 ఏమంటుందంటే, నేరారోపణను నిందితుడి ఎదుటే వినాలి, తనకు వ్యతిరేకంగా చెప్పిన సాక్షిని అడ్డు ప్రశ్నలు వేయటానికి, తన సాక్షుల్ని పిలవటానికి, తన మాట చెప్పుకోవటానికి అతనికి పూర్తి స్వేచ్ఛ ఉండాలి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే ఆర్మీ లోపలి విచారణ జరిగి, అందులో రూల్ 180 పాటించి ఉంటే సీఓ ఈ పద్ధతిని వదిలేయవచ్చని ఒక మినహాయింపు కూడా ఉంది. 180 అంటే, ఎవరి పరువు ప్రతిష్ఠలకు భంగం కలిగేలా విచారణ నడుస్తుందో అతన్ని మొదటి నుంచీ చివరి దాకా కూర్చోబెట్టాలి, ప్రశ్నలు అడగనివ్వాలి. ఆ రెండూ జరగకుండా పడిన శిక్షకు పునాది బలహీనం.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మీ దగ్గర్నుంచి వచ్చే అర్జీలన్నీ నేను చూస్తుంటాను. నేను దేశం కోసం ఇన్నేళ్లు చేశాను, సియాచిన్‌లో ఉన్నాను, నాకు ఇద్దరు ఆడపిల్లలు, దయచేసి ఎంట్రీ తీసేయండి. చదివేవాడికి కళ్లు చెమర్చుతాయి. కానీ ఏ అధికారంతో తీయాలి? శిక్ష పడిన తీరులో తప్పుంటే కొట్టేయగలరు. మీరు మంచి సైనికుడు కాబట్టి కొట్టేయలేరు. మీ పోరాటం మీ గుణం గురించి కాకూడదు, ఆ రోజు తయారైన కాగితం గురించి కావాలి.

కాగితంలో తప్పు ఎలా ఉంటుందో చూద్దాం. కొన్నిసార్లు అది సిగ్గుపడేంత చిన్న తప్పు. మనవాళ్ల పేర్లతో ఉత్తరాది క్లర్కులు పడే పాట్లు మీకు తెలుసు. ఇంటిపేరు పొడి అక్షరమైపోతుంది, చివర రావు మిగులుతుంది. ఒక్క కంపెనీలో ఐదుగురు రావులు. అందులో ఒక రావు తాగి గార్డు రూమ్‌లో గొడవ చేశాడు, సెక్షన్ 48, శిక్ష పడింది. పార్ట్ టూ ఆర్డర్‌లో ఆర్మీ నంబర్‌లో ఒక అంకె తేడా. ఎర్ర సిరా ఇంకో రావుకి ఎక్కింది. ఆ రెండో రావు జీవితంలో కల్లు కూడా ముట్టనివాడు. ఏళ్లతర్వాత రికార్డ్ ఆఫీసు నుంచి వచ్చిన వివరాలు చూసి ఏడ్చినంత పని చేశాడు. దాన్ని సరిచేయటానికి కంప్లయింట్ అక్కర్లేదు, లాయర్ అక్కర్లేదు. ఆ తేదీన వాడు వేరే ఊళ్లో కోర్సులో ఉన్నట్టు మూవ్‌మెంట్ ఆర్డర్ దొరికింది. యూనిట్ మరో పార్ట్ టూ ఆర్డర్ వేసి పాతదాన్ని రద్దు చేసింది. నెలల్లో అయిపోయింది. అందుకే ఎప్పుడూ చెబుతాను, అంకెలు చూడండి, నంబర్ చివర ఉండే ఇంగ్లీషు అక్షరం చూడండి. ఆ అక్షరం అలంకారానికి పెట్టలేదు, అంకె తప్పితే పట్టుకోవటానికే పెట్టారు.

ఇక, సాబ్, తప్పు చేసిన మాట నిజమే, పద్ధతిగానే శిక్ష వేశారు, కానీ పదిహేనేళ్లయింది, ఇంకా ఎందుకు ఉంచాలి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికా సైన్యంలో దీనికొక తలుపుంది. జనరల్ స్థాయి అధికారి ఇచ్చిన రిప్రిమాండ్ అన్యాయమని రుజువు చేస్తే ఫైల్లోంచి తీసేయమని అడగొచ్చు. అలా కాకపోయినా, ఆ మందలింపు తన పని తాను చేసేసింది, నేను మారాను అని చూపిస్తే దాన్ని అందరూ చూడని మరో విభాగంలోకి మార్చమని అడగొచ్చు. రికార్డులు సరిదిద్దటానికే పౌరులతో ఒక బోర్డు కూడా ఉంది. మన దగ్గర ‘పని అయిపోయింది, మడిచి పక్కన పెట్టండి’ అనే అలాంటి పద్ధతి లేదు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. పాతికేళ్ల కుర్రాడు ఒకసారి తాగి అరిచిన అరుపు నలభై ఐదేళ్లకి కూడా వాడి వెంట నడవటం ఎవరికి లాభం? కానీ లేని తలుపు దగ్గర నిలబడి కొడుతూ కూర్చోమని మీకు చెప్పలేను. అలాంటివాళ్లు ఎంట్రీ తీయమని అడగటం కంటే, ఆ ఎంట్రీకి ఉన్నదానికంటే ఎక్కువ బరువు వేశారా అని చూసుకోవటం మేలు. ప్రమోషన్ పాలసీ లెటర్‌లో క్రమశిక్షణ షరతు ఎన్నేళ్లకు వర్తిస్తుంది? మీ ఎంట్రీ ఆ ఏళ్ల లోపల ఉందా, బయట ఉందా? బయట ఉన్నదాన్ని లోపల లెక్కేసి ఆపారా? అదైతే గట్టి కేసు.

సరే, కాగితాలు ఎలా తెచ్చుకోవాలి. సర్వీస్‌లో ఉన్నవాళ్లు యూనిట్‌లోనే రాతపూర్వకంగా అడగండి. పెన్షన్ వచ్చినవాళ్లకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నా సర్వీస్ వివరాలన్నీ ఇవ్వండి అని రాస్తే పొడవైన కాగితం ఒకటి వస్తుంది, అందులో మీక్కావాల్సింది ఉండదు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. నా కాండక్ట్ షీట్ నకలు, ఫలానా శిక్ష తాలూకు పార్ట్ టూ ఆర్డర్ నకలు, ఆ రోజు నా మీద పెట్టిన ఛార్జ్ కాగితం, సాక్షి వాంగ్మూలం, ఎంక్వైరీ జరిగి ఉంటే దాని ప్రొసీడింగ్స్. ఇంకో మాట, పెన్షన్ రాకుండా బయటికొచ్చినవాళ్ల పత్రాలు పాతికేళ్లు దాటాక ధ్వంసం చేశామని రికార్డ్ ఆఫీసులు కోర్టుల్లో చెబుతుంటాయి. మీరు ఆ గీత దాటకముందే అడగండి. ఏ రికార్డ్ ఆఫీసుకి రాయాలో మీ కోర్‌ని బట్టి ఉంటుంది. మరమ్మతులు చూసే ఈఎంఈ, ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ వాళ్లకు సికింద్రాబాద్‌లోనే ఉంది, అదృష్టవంతులు. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్. సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్.

కంప్లయింట్ గురించి. ఆఫీసర్ కానివాళ్లకు ఆర్మీ యాక్ట్ సెక్షన్ 26, ఆఫీసర్లకు 27. ఆఫీసర్ల విషయంలో డిస్‌ప్లెజర్, సెన్షూర్ అని వేరే కథ ఉంది, అది చట్టంలోని శిక్షల పట్టికలో లేనిది, ఆచారంగా వస్తున్నది. ఇవాళ దాంట్లోకి వెళ్లను, ఈ హాల్లో దానికి గిరాకీ లేదు. 26 కింద మీ కంప్లయింట్ అందుకున్న అధికారి వీలైనంత పూర్తిగా విచారణ చేయాలి, అవసరమైతే పైకి పంపాలి. ఎవరి మీద ఫిర్యాదో ఆయనకే ఇవ్వక్కర్లేదు, ఆయన పై అధికారికి ఇవ్వొచ్చు. ఆర్మీ చీఫ్ ఇచ్చిన నిర్ణయాన్ని కూడా కేంద్ర ప్రభుత్వం సవరించవచ్చు.

రాసేటప్పుడు ఎలా రాయాలంటే, మొదటి పేరాలో అడిగేది రాయండి. ఫలానా తేదీన ఫలానా సెక్షన్ కింద పడిన సివియర్ రిప్రిమాండ్‌ని రద్దు చేయమని కోరుతున్నాను. రెండో పేరాలో ఆ రోజు జరిగింది తేదీలతో. మూడో పేరాలో ఏ రూల్ తప్పారో. అంతే. రెండు పేజీలు దాటితే క్లర్క్ చదవడు, ఇది క్లర్క్‌గా చెబుతున్న మాట. పై అధికారికి వెళ్లే నోట్ క్లర్కే రాస్తాడు, వాడికి అర్థమైనంతే పైకి వెళుతుంది. కులం పేరెత్తి, ప్రాంతం పేరెత్తి, ఆ కంపెనీ కమాండర్‌కి నేనంటే పడదు అని రుజువు లేకుండా రాయకండి. వెంటనే ఫైలు రంగు మారిపోతుంది. తెలుగు కాగితం ఏదున్నా హిందీలోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి, నోటరీ చేయించి, అసలు నకలుతో కలిపి పెట్టండి. ఇది ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ఇక ఆలస్యం. ఇది చాలామందిని ముంచుతుంది. మా కోనసీమ నాయక్ 1996లో శిక్ష పడినప్పుడు నోరు విప్పలేదు. హవల్దార్ అయ్యాడు కదా, ఇక పర్లేదనుకున్నాడు. నాయిబ్ సుబేదార్ వరస వచ్చినప్పుడు, 2004లో, అప్పుడు కంప్లయింట్ పెట్టాడు. ఎనిమిదేళ్లు. జవాబు రెండు వాక్యాలు. కాలాతీతమైంది, కొత్త విషయాలేవీ లేవు. ఆ జవాబు టైప్ చేసింది నేను కాదు, అప్పటికి నేను వేరే యూనిట్‌లో ఉన్నాను. కానీ అదే ఫార్మాట్‌లో నేను చాలా టైప్ చేశాను.

సుప్రీంకోర్టు 2008లో ఒక సైనికుడి వికలాంగ పెన్షన్ కేసులో దీన్ని బాగా విడమర్చింది. నెలనెలా రావాల్సిన పెన్షన్ రాకపోతే అది ప్రతి నెలా కొత్తగా జరిగే అన్యాయం, ఆలస్యంగా వచ్చినా వినవచ్చు, బకాయిలు మాత్రం వెనక్కి మూడేళ్లకు పరిమితం. సీనియారిటీ, ప్రమోషన్ లాంటి వాటిని తిరగదోడితే మధ్యలో ప్రమోషన్ పొందిన ఇంకొకళ్ల హక్కు కదులుతుంది, అక్కడ ఆలస్యాన్ని ఒప్పుకోం అంది. రిప్రిమాండ్ ఒక్కరోజు సంఘటన. పెన్షన్‌లాగా నెలనెలా పుట్టదు. ఏటా ఒక అర్జీ పెట్టుకుంటూ పోతే గడువు పెరుగుతుందనుకుంటారు చాలామంది. పెరగదు. అర్జీల కట్ట మాత్రం పెరుగుతుంది.

కంప్లయింట్ తిరస్కరించాక ఎక్కడికి? ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టం, 2009 ఆగస్టు నుంచి పని చేస్తోంది. ఢిల్లీలో ప్రధాన బెంచ్, మన తెలుగువాళ్లకు చెన్నై బెంచ్. ముందు లోపలి మార్గాలన్నీ అయిపోవాలి. మీ కంప్లయింట్‌కి ఆరు నెలలైనా జవాబు రాకపోతే మార్గం అయిపోయినట్టే లెక్క, ఆ తర్వాత ఇంకో ఆరు నెలల్లో వెళ్లాలి. జవాబు వస్తే వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు. గడువు దాటితే సరైన కారణం చూపి క్షమించమని అడగొచ్చు, ఇస్తారని నమ్మకం పెట్టుకోకండి. ఇంకో మెలిక ఉంది. ట్రిబ్యునల్ చట్టంలో ‘సర్వీస్ వ్యవహారాలు’ అంటే ఏవో చెప్పేచోట, సమ్మరీ డిస్పోజల్స్, అంటే పేషీలోనే తేల్చేసిన కేసులు అని రాసి, పక్కనే డిస్మిసల్ శిక్ష పడినవి అని కలిపారు. రిప్రిమాండ్ ట్రిబ్యునల్ పరిధిలోకి రాదని ప్రభుత్వ లాయర్ లేవనెత్తటానికి అక్కడ సందుంది. అదే నిర్వచనం చివర ‘మరే ఇతర విషయమైనా’ అని కూడా ఉంది, మీ లాయర్ దాన్ని పట్టుకోవాలి. లాయర్ని పెట్టుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. తడుముకుంటే ఇంకొకళ్ల దగ్గరికి వెళ్లండి. ట్రిబ్యునల్‌లో ఓడిపోతే హైకోర్టు తలుపు మూసుకుపోయిందని కొన్నేళ్లు అనుకున్నాం. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అలా కాదు, రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద హైకోర్టుకి వెళ్లొచ్చని తేల్చింది.

నాలుగు రెడ్ ఇంక్‌లు పడితే ఇంటికేనా అని ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. పేరు చెప్పను, టెన్షన్‌లో ఉన్నాడు. తమ్ముడూ, 1988 డిసెంబరు 28 నాటి ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ లెటర్ ఒకటుంది. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడ్డవాణ్ణి అయోగ్యుడిగా డిశ్చార్జ్ చేయటానికి ప్రతిపాదించవచ్చని దాన్ని బట్టి యూనిట్లు నడుచుకుంటాయి. దాన్ని చాలామంది, నాలుగు పడితే గేటు బయటికే అని చదువుకున్నారు. 2015లో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పింది. నాలుగు అన్న అంకె ఒక్కటే చాలదు. ముందు ప్రాథమిక విచారణ జరగాలి, షోకాజ్ నోటీసు ఇవ్వాలి, ఎంతకాలం సర్వీస్ చేశాడు, ఎలాంటి కఠినమైన చోట్ల చేశాడు, నేరాలు ఎంత తీవ్రమైనవి, పెన్షన్‌కి ఎంత దగ్గరలో ఉన్నాడు అన్నవన్నీ చూడాలి. పెన్షన్‌కి కనీసం పదిహేనేళ్లు కావాలి, పద్నాలుగో ఏట పంపిస్తే ఇల్లు ఏమవుతుందో మీకు తెలుసు. కానీ ఈ తీర్పు జేబులో పెట్టుకుని ధీమాగా ఉండకు. 2019లో ఇంకో కేసులో, పదేపదే సెలవు దాటి ఉండిపోయి, నోటీసుకి సరైన వివరణ ఇవ్వని సైనికుడి డిశ్చార్జ్‌ని అదే కోర్టు సమర్థించింది. నోటీసు వస్తే ‘ఇక ముందు చేయను సాబ్’ అని ఒక లైను రాసి ఇవ్వకు. ఒక్కొక్క ఎంట్రీకి ఒక్కొక్క పేరా రాయి. ఏ ఎంట్రీ పద్ధతి ప్రకారం పడలేదో అప్పుడే చెప్పు. పాత రిప్రిమాండ్‌ని నిలదీయటానికి మళ్లీ దొరికిన అవకాశం అది.

ఇంటివాళ్లకు ఒక్క మాట. మీ ఆయన రికార్డులో రిప్రిమాండ్ ఉందని ఫ్యామిలీ పెన్షన్ ఆగదు. ఎవరైనా ఆగుతుందని చెప్పి, క్లియర్ చేయిస్తాను డబ్బివ్వమంటే ఇవ్వకండి. అది వట్టి మోసం. పెన్షన్ వచ్చాక ఎర్ర సిరా ఎక్కడ అడ్డొస్తుందంటే డిశ్చార్జ్ బుక్‌లో క్యారెక్టర్ అన్నచోట. ఎక్జెంప్లరీ, అంటే ఆదర్శప్రాయం అన్న మాట బదులు తక్కువ మెట్టు పడవచ్చు. డీఎస్‌సీలో, అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరాలనుకునేవాళ్లకు, సెక్యూరిటీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు అది తగులుతుంది. అందుకే ఆ బుక్ చేతికొచ్చిన రోజే ఆ గడి చూడండి. ఫోటో ఎలా పడిందో తర్వాత చూసుకోవచ్చు.

మా నాయక్ హవల్దార్‌గానే పెన్షన్ వచ్చాడు. కిందటేడు వాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక లోపలి గదిలోకి తీసుకెళ్లి ట్రంకు పెట్టె తెరిచాడు. ఎమ్మార్వో సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో ఉంది, మడతల దగ్గర చిరిగింది, సీలు మాత్రం ఇంకా నీలంగానే ఉంది. నా చేతికిచ్చి, చదవండి సాబ్, అన్నాడు. అక్కడ కూర్చుని పైకి చదివాను. ఆరు వాక్యాలు. చదవటానికి ఒక్క నిమిషం పట్టలేదు. అప్పుడు చదివి ఉంటే అని వాడు అనలేదు. పాయసం తిన్నారా అని అడిగాడు.

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. నేను బయట వేపచెట్టు కింద బల్ల దగ్గర కూర్చుంటాను. కాగితాలు తెచ్చినవాళ్లు వరసగా రండి. ఒరిజినల్స్ నా చేతికివ్వకండి, జిరాక్స్ చాలు. నోటీసు వచ్చినవాళ్లు, జవాబు గడువు దగ్గర పడినవాళ్లు ముందు రండి, మిగతావాళ్లు కాస్త ఆగాలి. తెలుగు కాగితాలుంటే అవీ తెండి, ఇవాళ చదివి పెడతాను.